గడ్డిలో మాగిన సోయా గింజలు

మైలవరంలో బస్సెక్కితే మంగళగిరి చేరడానికి ఒక పూట చాలు. ఈసారి నాకు ఆరు రోజులు పట్టింది. నడుమ బెజవాడలో ఒక మనిషిని కలవాలి, పామర్రులో ఒక పని చేసుకోవాలి. ఆ పని సోయా గింజలతో. ఎందుకు వెళ్ళానో ముందు చెబుతాను, దారి సంగతి తర్వాత.

నా చెల్లెలు వరలక్ష్మి, మా ఇంట్లో వరం, మంగళగిరిలో ముప్పయ్యేళ్ళుగా గుంట మగ్గం మీద చీరలు నేసింది. ఆ మగ్గం చూడనివాళ్ళకి రెండు మాటలు. నేలలో కాళ్ళు దిగేంత గొయ్యి ఉంటుంది. నేసే మనిషి గట్టు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, కింద తొక్కుడు కర్రలు తొక్కుతూ పైన చేత్తో అడ్డపోగు మోసే నాడె ఆడిస్తుంది. పోయిన వానాకాలం నుంచి వరం ఆ గుంటలోకి దిగలేకపోతోంది. దిగినా ఇద్దరు పట్టుకుని లేపాలి. మోకాళ్ళు అరిగాయి. మనిషి ఎనభై ఎనిమిది కిలోలుంది. డాక్టరు ఎక్సరే చూసి, "పది కిలోలు తగ్గి రండమ్మా, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడట.

మగ్గం మీద నీలం చీర సగంలో ఆగిపోయింది. నేతకి పడుగు నూలు ఇచ్చిన షావుకారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. మూడోసారి మాత్రం, ఈ చీర మగ్గం దిగాక మిగతా పడుగు వేరే ఇంటికి ఇస్తానని చెప్పాడు. నేతలో ఉన్న చీరని మధ్యలో కొయ్యడం మా వాళ్ళలో ఎవరూ చెయ్యరు. అంటే ఆ చీర ఉన్నన్నాళ్ళే మగ్గం వరానిది. వరం మొగుడు, మా మరిది, మగ్గం వదిలి అమరావతి కట్టుబడి పనుల దగ్గర కాపలాకి కుదిరాడు. ఆ ఇంట్లో ఇక నేసేవాళ్ళు లేరు.

"చీర అలాగే ఉంది, నేనూ అలాగే ఉన్నా అక్కా" అంది ఫోనులో. ఆ వెంటే, "పులియబెట్టిన సోయా తింటే కొవ్వు కరుగుతుందంట. వీడియోలో చూశా. నీకు చదువొచ్చిందిగా, కనుక్కో" అంది.

నాకు చదువొచ్చి నాలుగేళ్ళు. మైలవరంలో మా చిన్న బట్టల కొట్టుకి చీరల కోసం వచ్చే టీచరమ్మ, నా యాభై మూడో ఏట నాకు అక్షరాలు దిద్దించింది. చదువొచ్చిన మనిషికి అన్నీ తెలుస్తాయని చెల్లెలి నమ్మకం. నేను వెళ్ళి టీచరమ్మనే అడిగాను. "బెజవాడలో నేను జుట్టు కత్తిరించుకునే పార్లర్‌లో మణిపూర్ అమ్మాయి ఉంది. వాళ్ళింట్లో అది చేసుకుంటారట" అని, చిరునామా కాగితం మీద రాసిచ్చింది.

బెజవాడ

మైలవరం బస్టాండులో మొదటి బస్సు పోగొట్టుకున్నాను. ఇన్నేళ్ళూ డ్రైవరుని అడిగి ఎక్కేదాన్ని. ఆ రోజు బోర్డు చదివి ఎక్కుదామనుకున్నాను. 'విజయ' దాకా వచ్చేసరికి బస్సు కదిలింది. రెండో బస్సులో కండక్టరు ఆధార్ చూసి సున్నా టికెట్టు కొట్టిచ్చాడు. ఆడవాళ్ళకి ఇప్పుడు చార్జీ లేదు. చార్జీ లేకపోయినా సీటూ లేదు. గొల్లపూడి దాకా చీరల మూట మీదే కూర్చున్నాను.

వన్‌టౌన్‌లో సోయా అడిగితే కొట్టతను మీల్ మేకర్ పొట్లం తీసిచ్చాడు.

"ఇది కాదు బాబూ, గింజలు."

"సోయా అంటే ఇదేనమ్మా. అందరూ పట్టుకెళ్ళేది ఇదే."

"గింజల్లోంచేగా అది తీసేది. ఆ గింజలివ్వు."

లోపలికెళ్ళి వెతికి, పసుపుగా గుండ్రంగా శనగల కంటే చిన్నగా ఉన్న గింజలు తెచ్చాడు. కిలో నూట పది రూపాయలు. "కోళ్ళకా?" అని అడిగాడు. "మా చెల్లెలికి" అన్నాను. అతను రెండు కిలోలు తూచి ఇచ్చాడు.

పార్లర్ మొగల్రాజపురంలో ఒక మేడ మీద ఉంది. మణిపూర్ అమ్మాయి పేరు మెమ్చా. ముప్పై లోపే ఉంటుంది. ఆరేళ్ళుగా బెజవాడలో ఉంటోంది. తెలుగు కస్టమర్ల దగ్గర నేర్చిందేమో, ప్రతి మాటకీ అండీ తగిలిస్తుంది. నేను వచ్చిన పని చెప్పగానే నవ్వింది.

"దాని కోసం వచ్చారా అండీ? మా హాస్టల్లో అది వండితే తలుపులేసుకుంటారు."

మధ్యాహ్నం అన్నానికి తెచ్చుకున్న డబ్బా తెరిచింది. పాలకూర లాంటి ఆకు, అందులో గోధుమరంగు గింజలు. తాలింపు లేదు, నూనె లేదు. ఒక గింజ తీస్తే దాని వెనక సన్నటి జిగురు తీగ సాగింది. వాసన మాత్రం పశువుల కొట్టం గుర్తొచ్చేలా ఉంది. నోట్లో పెట్టుకుంటే అంత చెడ్డగా లేదు. వేయించిన శనగలు నానితే వచ్చే రుచి, చివర కాస్త చేదు. హవాయ్‌జార్ అంటారట.

ఎలా చెయ్యాలో చెప్పింది. రాత్రంతా నానబెట్టాలి. వేళ్ళ మధ్య నలిగేదాకా ఉడికించాలి. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, ఆకులో చుట్టి, వరిగడ్డిలో పొదిగి, వెచ్చగా మూడు రోజులు ఉంచాలి. తోడు వెయ్యక్కరలేదు. ఆకులోంచీ గడ్డిలోంచీ అదే వస్తుందట.

"ఇది తింటే సన్నబడతారా అమ్మాయీ?"

మెమ్చా డబ్బా మూత పెడుతూ, "మా అమ్మ రోజూ తింటుందండీ. మా అమ్మ నాకు రెండింతలు" అంది. "మంచిదే ఆంటీ. బలం. కడుపుకి బాగుంటుంది. కానీ మందు కాదండీ, తిండి."

ఆ మాట విన్నాను. విని, బస్టాండుకి వెళ్ళే ఆటోలో పక్కన పెట్టేశాను. ఫోనులో చెల్లెలు అడిగితే, "దొరికింది, చేసి తెస్తాను" అన్నాను, అంతే.

ఉయ్యూరు దాటాక

మెట్ట వాళ్ళకి డెల్టా దారి కొత్తగానే ఉంటుంది, ఎన్నిసార్లు చూసినా. మాకు మామిడి తోటలు, పత్తి, మొక్కజొన్న, నడుమ రాళ్ళు. ఇక్కడ కంకిపాడు దాటితే రాయి కనపడదు. వరి కోసిన మడుల్లోనే మినుము ఏపుగా లేచి ఉంది. ప్రతి ఇంటి పక్కనా కొత్త గడ్డివాము. ఉయ్యూరు దగ్గర చక్కెర ఫ్యాక్టరీ వాసన బస్సులోకి వచ్చింది. పక్కన కూర్చున్న పెద్దావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోలేదు. "మా ఊరి వాసనేగా" అంది. నా సంచిలో మెమ్చా ఆకులో పెట్టిచ్చిన నాలుగు గింజలున్నాయి. ఆవిడ ఈసారి ముక్కు మూసుకుంది.

పామర్రు

పామర్రులో రాజ్యలక్ష్మి గారు ఇరవయ్యేళ్ళుగా నా దగ్గర చీరలు కొంటారు. రైతులు. ఎనిమిది ఎకరాల వరి, నాలుగు గేదెలు, పెరట్లో అరటి. గడ్డి, ఆకు, ఎండ మూడూ ఒకచోట దొరుకుతాయనే అక్కడికి వెళ్ళాను. నా చెల్లెలి సంగతి ఆవిడకి ముందే తెలుసు.

"గడ్డిలో పెట్టి కుళ్ళబెడతారా మాణిక్యమ్మా?"

"కుళ్ళబెట్టడం కాదండీ. మనం ఇడ్లీపిండి పులియబెట్టమూ, అలాగ."

"ఇడ్లీపిండికి గడ్డి వెయ్యం కదండీ మనం" అని, పెద్ద గిన్నె తీసిచ్చారు.

రాత్రి నానబెట్టి, మర్నాడు కట్టెల పొయ్యి మీద మూడు గంటలు ఉడికించాం. అరిటాకుల్లో చుట్టి, కొత్త గడ్డి పరిచిన వెదురుబుట్టలో పెట్టి, పైన గోనెసంచి కప్పి, పొయ్యి వెనక వెచ్చటి గోడకి ఆనించాం. ఇక చేసేదేమీ లేదు. ఆ మూడు రోజులూ నేను మూట విప్పి చీరలు చూపించాను. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. చీర చూసి, బుట్ట చూసి, నా వైపు చూసేవాళ్ళు.

ఆ ఇంట్లో నేను గమనించిందల్లా అన్నం. మా వైపు రాత్రిపూట జొన్నరొట్టె కాల్చుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఇక్కడ పొద్దున్న ఇడ్లీ తిన్నాక కూడా పెరుగన్నం తింటేనే తిన్నట్టు. మధ్యాహ్నం పప్పు, కూర, పచ్చడి, పులుసు, పెరుగు. ఒక్కోదానికీ ఒక్కో వాయి అన్నం. అతిథి వద్దంటే వినరు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డిస్తారు. ఇది ఎగతాళి కాదు. అన్నం పండించే చోట అన్నం వద్దనడం మర్యాద కాదు.

మూడో రోజు పొద్దున రాజ్యలక్ష్మి గారి భర్త వాకిట్లోంచి అడిగారు.

"ఇవాళ గొడ్ల చావిడి కడగలేదా?"

"కడిగారండీ. అది మాణిక్యమ్మ గారి బుట్ట."

"అయితే దాన్నీ కడగండి."

నాలుగో రోజు విప్పాం. గింజల మీద తెల్లటి పొర పట్టింది. చెంచాతో లేపితే మెమ్చా డబ్బాలోలాగే తీగలు సాగాయి. నాకు సంతోషం వేసింది. రాజ్యలక్ష్మి గారు వెనక్కి జరిగారు.

"ఇది ఇలాగే పెడితే మీ చెల్లెలు తినదు మాణిక్యమ్మా. మీరూ తినరు. నాకివ్వండి."

ఎండుమిరపకాయలు, మెంతులు వేయించారు. గింజల్ని నువ్వులనూనెలో ఎర్రగా వేపారు. చింతపండు, వెల్లుల్లి వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరి, మళ్ళీ నూనె కాచి ఇంగువతో తాలింపు పెట్టారు. వాసన ఎటు పోయిందో పోయింది. మధ్యాహ్నం భోజనంలో ఆయన మొదటి ముద్ద అనుమానంగా పెట్టుకున్నారు. తర్వాత నెయ్యి అడిగారు. తర్వాత అన్నం. తర్వాత మళ్ళీ అన్నం. "చావిడి కడగక్కర్లేదులే" అన్నారు లేచి చెయ్యి కడుక్కుంటూ.

మేమందరం ఆ రోజు ఎంత అన్నం తిన్నామో నా కళ్ళతోనే చూశాను. అయినా నాకు తట్టలేదు. రెండు కిలోల గింజలకి, మేము తినగా పెద్ద సీసా నిండా పచ్చడి మిగిలింది. కాసిని గింజలు మాత్రం వేపకుండా, ఉప్పు అద్ది ఎండబెట్టి పొట్లం కట్టుకున్నాను. మర్నాడు పొద్దున్నే సీసా ఒళ్ళో పెట్టుకుని బెజవాడ బస్సెక్కాను. కృష్ణ దాటుతున్నప్పుడు దాని మూత ఇంకోసారి బిగించాను.

మంగళగిరి

వరం గుమ్మం దాకా రాలేకపోయింది. గోడ పట్టుకుని నిలబడింది. వెనక గదిలో మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది. అది ఎత్తి చూశాను. నీలం, జరీతో నిజాం అంచు. నేత ఎక్కడ ఆగిందో అక్కడ అడ్డంగా పోయే పేక పోగు చివర చిన్న ముడి వేసి ఉంది.

"దుమ్ము పడుతుందని కప్పా. కప్పితే పడుకున్నట్టుంది" అంది.

వెళ్ళిన సాయంత్రమే ఇద్దరం వీధి చివర మందుల షాపుకి నడిచాం. నూరు అడుగుల దూరం. రెండుచోట్ల ఆగాం. తూకం యంత్రం ఎనభై ఎనిమిది చూపించింది. ఇది మొదలు అనుకున్నాం.

పచ్చడి చెల్లెలికి ఎంత నచ్చిందంటే, నాకు కళ్ళు చెమర్చాయి. డాక్టరు మాట విన్నప్పటి నుంచి చప్పటి తిండి తిని నోరు చచ్చిపోయిందట. రోజుకి రెండుపూటలా పెద్ద ముద్దలు కలిపి తినేది. నేనే వడ్డించేదాన్ని. "ఇంకొంచెం వెయ్యక్కా, మందేగా" అనేది. నేను వేసేదాన్ని. అదే మేము చేసిన పొరపాటు. మనకి పచ్చడి అంటే పక్కన అంత తినేది కాదు. అన్నాన్ని లోపలికి పంపేది. ఎంత బాగుంటే అంత అన్నం. ఎక్కడో కొండల్లో కూర బదులు తినే గింజని తెచ్చి, మేము దాన్ని ఇంకో మూడు గరిటెల అన్నానికి దారి చేశాం.

ఏడో రోజు మళ్ళీ షాపుకి వెళ్ళాం. ఎనభై తొమ్మిదిన్నర.

వరం దిగి మళ్ళీ ఎక్కింది. అదే అంకె. వరానికి నెలనెలా మాత్రలిచ్చే షాపావిడ, "ఏం తింటున్నారండీ?" అని అడిగింది. సోయా అని చెప్పాను. "మీరు థైరాయిడ్ మాత్ర వాడతారు కదా. మాత్రకీ దానికీ మూడు నాలుగు గంటలు ఎడం ఉండాలండీ. డాక్టరుగారికి కూడా చెప్పండి" అంది. ఆ ఎడం సంగతి కూడా మాకు తెలియదు. పొద్దున మాత్ర వేసుకుని వెంటనే ఆ పచ్చడితో చద్దన్నం తినేది.

ఇంటికొచ్చాక వరం మగ్గం గది గడప మీద కూర్చుంది. అప్పుడు చెప్పాను, బెజవాడలో మెమ్చా అన్న మాట. వాళ్ళమ్మ సంగతి, మందు కాదు తిండి అన్న సంగతి.

"ఆ రోజే చెప్పిందా?"

"ఆ రోజే."

"మరి ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకుని నాకు వడ్డించావా?"

"నువ్వు ఆశపడుతున్నావని."

"ఆశ నువ్వే పడ్డావు. నేను తిన్నా." మోకాలు రుద్దుకుంది. "అన్నం తగ్గించమని డాక్టరూ అన్నాడు, నువ్వూ అంటావు ఇప్పుడు. నడక లేదు. మగ్గం లేదు. పొద్దున్నుంచీ చేసే పని ఏముంది నాకు? కంచం ముందు కూర్చున్నప్పుడొక్కటే ఏదో చేస్తున్నట్టుంటుంది."

ఫోను తీసి మెమ్చాకి చేశాను. జరిగిందంతా చెప్పాను. ఆ అమ్మాయి చాలాసేపు విని, "నూనెలో వేపారా అండీ?" అంది. తర్వాత, "ఆంటీ, మీరు అన్నం తినడానికి దాన్ని తింటున్నారండీ. మేము చేప దొరకని రోజు చేపకి బదులు తింటాం" అంది. ఫోను స్పీకర్లో పెట్టే ఉంచాను. వరం వింది.

ఆ సాయంత్రం పొట్లంలో మిగిలిన ఎండు గింజలు నానబెట్టి, తోటకూరతో ఉడికించాను. నూనె చుక్క వెయ్యలేదు. ఒక గరిటె అన్నం, గిన్నెడు ఆకు. వరం మొదటి ముద్దకి మొహం తిప్పుకుంది.

"చావిడి వాసనే."

"చావిడి వాసనే. తిను."

తిన్నది. పచ్చడి సీసా పక్కింటికి ఇచ్చేసింది. వాళ్ళింట్లో అందరూ సన్నగానే ఉన్నారంది.

షావుకారు

మర్నాడు వరం నన్ను మగ్గం దగ్గరికి పిలిచింది. "దిగు" అంది. నేను నేత వదిలి ముప్పై అయిదేళ్ళు. పెళ్ళయి మైలవరం వెళ్ళాక గుంటలో కాలు పెట్టలేదు. చీర పూర్తి చేసేసి షావుకారుకి అప్పగించి పీడ వదిలించుకుంటుందేమో అనుకున్నాను. తొక్కుడు కర్రలు పాదాలకి తగిలాక కాళ్ళకి వాటంతట అవే గుర్తొచ్చాయి. పది పోగులు పడ్డాక చేతులు కుదురుకున్నాయి. వరం పక్కన పీట మీద కూర్చుని చూస్తోంది.

"నెమ్మదిగా నెయ్యక్కా."

"తప్పుతున్నానా?"

"తప్పడం లేదు. త్వరగా నేస్తున్నావు. చీర అయిపోతే మగ్గం పోతుంది."

అప్పుడు అర్థమైంది. మగ్గం ఖాళీగా ఉందనే మాట రాకూడదు, చీర దిగనూ కూడదు. జానెడు నేసి లేచాను.

ఆ సాయంత్రమే షావుకారు వచ్చాడు. దుప్పటి తీసి ఉండటం చూశాడు. వంగి నేత మీద వేలు పెట్టి తడిమాడు.

"ఇది వరలక్ష్మి చెయ్యి కాదే."

"మా అక్కదండి" అంది వరం.

"వదులుగా పడుతోంది. రోజుకెంత?"

"రోజూ కాదండి, ఊరి నుంచి రావాలి. వారానికి జానెడు."

ఆయన మా ఇద్దరి మొహాలూ చూశాడు. "ఎండాకాలమంతా పడుతుందే."

"పడుతుందండి."

మంచినీళ్ళు తాగాడు. గ్లాసు గట్టు మీద పెట్టి, "అంచు దగ్గర మాత్రం జాగ్రత్త" అని వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చాక

ఇది రాసేసరికి ఏడు వారాలైంది. ప్రతి సోమవారం కొట్టు మూసి మంగళగిరి వెళుతున్నాను. పోతూ పోతూ బెజవాడలో మెమ్చా దగ్గర ఆకు పొట్లం తీసుకుంటాను. మా గడ్డి బుట్ట కంటే తనదే కుదురుతుంది. వరం వారానికి మూడు రోజులు అది తింటోంది, పప్పుకి బదులు, మాత్రకి బాగా ఎడంగా. అన్నం గరిటె కొలత మానలేదు. దానికీ దీనికీ దేని వల్ల ఎంతో నేను చెప్పలేను. తూకం ఎనభై నాలుగున్నర చూపిస్తోంది. పది కిలోలకి ఇంకా చాలా ఉంది. మోకాళ్ళ నొప్పి ఉంది. కొన్నిరోజులు గిన్నె గోడకేసి కొట్టాలనిపిస్తుందట. ఒకరోజు కొట్టింది కూడా.

పోయిన సోమవారం నేను వెళ్ళేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. పిలిస్తే మగ్గం గదిలోంచి పలికింది. వెళ్ళి చూస్తే గుంటలో ఉంది. కాళ్ళు తొక్కుడు కర్రల మీద, చేతులు ఒళ్ళో.

"ఎప్పుడు దిగావే?"

"పొద్దున ఎనిమిదింటికి."

పదకొండున్నర అయింది.

"దిగడం వచ్చింది అక్కా. ఎక్కడం రాలేదు. నువ్వు వస్తావుగా అని కూర్చున్నా."

నేత వైపు చూశాను. నా వదులు జానెళ్ళ తర్వాత వేలెడు మేర కొత్తగా పడి ఉంది. బిగువుగా, సమంగా. వేలితో తడిమి చూడక్కర్లేదు, అది ఎవరి చెయ్యో తెలుస్తోంది.

లేపడానికి వంగాను. వరం నా చెయ్యి తీసేసింది. "ఉండు. ఇంకో నాలుగు పోగులు" అంది.